సాఫ్టువేరు నిర్మాణములో అక్కరలేని ఆధారములు

బందరుకు సమీపమున నున్న పెడన కలంకారి అద్దకమునకు పేరుపొందిన ఊరు. అక్కడ ఒక వస్త్రము తయారగుటకు ఎన్ని వస్తువులు కావలెనో చూడుడు. నూలు గుడ్డ కావలెను. దానిని నానవేయుటకు కరక్కాయ కావలెను. ఎరుపు పట్టి నిలుచుటకు పటిక కావలెను. నలుపునకు తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన ద్రవము కావలెను. పువ్వులు, లతలు అద్దుటకు టేకు కొయ్యపై చెక్కిన అచ్చులు కావలెను. ఉతుకుటకు పారునీరు కావలెను. అయితే ఆ వస్త్రమును కొని కట్టుకొనువారికి కరక్కాయతో గాని, అచ్చులతో గాని పనిలేదు.

కంప్యూటరు ప్రోగ్రాముల సంగతియు ఇట్టిదే. ప్రోగ్రామును మనుష్యులు చదువగల భాషలో వ్రాయుదురు. ఆ వ్రాతకు మూలపాఠము, లేక సోర్సు, అని పేరు. చాలవరకు దానిని కొన్ని సాధనముల సహాయముతో యంత్రమునకు అనువైన రూపములోనికి మార్చవలసియుండును. ఈ మార్పునే నిర్మాణము, అనగా బిల్డు, అందురు. నిర్మాణ సమయమున మాత్రమే కావలసినవానిని 'నిర్మాణాధారములు' అనియు, ప్రోగ్రాము నడచునపుడు కావలసినవానిని 'వినియోగాధారములు' అనియు ఇక్కడ పిలుచుకొందము. సాఫ్టువేరు వారు మొదటివానిని బిల్డ్ డిపెండెన్సీలు అనియు, రెండవవానిని రన్‌టైమ్ డిపెండెన్సీలు అనియు వాడుదురు. పెడనలోని కరక్కాయ, అచ్చు నిర్మాణాధారముల వంటివి.

పూర్వము కృష్ణాతీరపు అద్దకములో ఎరుపునకు చిరివేరు వాడెడివారు. 1868లో గ్రేబె, లీబెర్మన్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్ అను ఎర్రరంగును ప్రయోగశాలలో తయారుచేసిరి. కాలక్రమమున అది మన అద్దకములోనికి వచ్చి, చిరివేరు స్థానమును ఆక్రమించినది. ఇపుడొక కార్ఖానాలోని సామగ్రి పట్టికలో అలిజరిన్‌తో పాటు పాత వాడుక చొప్పున చిరివేరు కూడ వ్రాసియున్నదనుకొందము. పట్టికను తు.చ. తప్పక పాటించు గుమాస్తా, చిరివేరు కొట్టులోనికి వచ్చువరకు పని మొదలుపెట్టనీయడు. రంగుకు దానితో పనిలేదు, పట్టికకు మాత్రమే పని యున్నది. కంప్యూటరు ఇట్టి గుమాస్తాయే. పట్టికలో నున్నది లేనిచో నిర్మాణము ఆరంభింపదు. ఈ చిరివేరు వంటి పంక్తులను కనిపెట్టి తొలగించు పద్ధతి యెట్టిదో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

తెలుగు అక్షరముల ప్యాకేజి

డెబియన్ అను స్వేచ్ఛా సాఫ్టువేరు సముదాయమును 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రారంభించెను. ప్రపంచమంతటనుండి స్వచ్ఛందముగా పనిచేయువారు దానిని నడుపుచున్నారు. 2025 ఆగస్టు 9న వెలువడిన దాని 13వ కూర్పులో 69,830 ప్యాకేజీలు కలవు. మన దేశమున సి-డాక్ సంస్థ రూపొందించిన 'బాస్' అను ఆపరేటింగ్ సిస్టమునకు కూడ డెబియనే మూలము. ప్యాకేజి అనగా ఒక ప్రోగ్రామును, దానికి సంబంధించిన వివరములను ఒకచోట కట్టిన మూట. ప్రతి మూల ప్యాకేజిలోను నిర్మాణాధారముల పట్టిక యొకటి ఉండును.

డెబియన్‌లో తెలుగు ఫాంటుల ప్యాకేజీలు కూడ ఉన్నవి. వానిలో నొకటి సిలికానాంధ్ర వారు విడుదల చేసిన ఫాంటుల మూట. అందు 'ఎన్.టి.ఆర్.' అనునది యొకటి, 'మండలి' అనునది మరియొకటి. ఈ ప్రాంతము వారికి ఈ పేర్లు క్రొత్తవి కావు. నందమూరి తారక రామారావు 1923లో పుట్టిన నిమ్మకూరు గుడివాడకు చేరువనే యున్నది. మండలి వెంకట కృష్ణారావు దివిసీమవారు.

ఫాంటు అనగా అక్షరముల బొమ్మలు మాత్రమే కాదు. 'క' తరువాత 'ష' వత్తుగా వచ్చినపుడు 'క్ష' అను రూపము చూపవలెనను నియమములు కూడ అందులో నుండును. బొమ్మలను, నియమములను మార్చుటకు అనువుగా నుంచిన రూపము దాని మూలపాఠము. ఫాంట్‌ఫోర్జ్ వంటి సాధనము దానినుండి కంప్యూటరు వాడుకొను ఫాంటు ఫైలును తయారుచేయును.

ఉదాహరణకు ఒక తెలుగు ఫాంటు ప్యాకేజిని ఊహింతము. దాని నిర్మాణాధారముల పట్టికలో ఆరు పంక్తులున్నవి.

1. డెబ్‌హెల్పర్: ప్యాకేజిని కట్టు సాధనముల పెట్టె.
2. మేక్: పనులను వరుసలో జరిపించు సాధనము.
3. ఫాంట్‌ఫోర్జ్: ఫాంటును తయారుచేయు సాధనము.
4. టిటిఎఫ్-ఆటోహింట్: చిన్న అక్షరములు తెరపై స్పష్టముగా కనబడునట్లు సవరించు సాధనము.
5. డిహెచ్-ఆటోరీకాన్ఫ్: కొన్ని ప్రోగ్రాములకు నిర్మాణపు లిపులను తిరిగి తయారుచేయు సాధనము.
6. ఇమేజ్‌మ్యాజిక్: ఫాంటు నమూనా పుటను బొమ్మగా మార్చు సాధనము.

వీనిలో ఏవి అక్కరలేనివో చెప్పుటకు ముందు, అవి యున్నంత మాత్రాన వచ్చు నష్టమేమో చూతము.

'అన్నియు' అనుటకును 'ఏదో యొకటి' అనుటకును భేదము

విజయవాడ నుండి బందరుకు రైలు గుడివాడ మీదుగా పోవును. బస్సు ఉయ్యూరు, పామర్రుల మీదుగా పోవును. ఒక దారి మూతపడినను రెండవది యుండును. ఇది 'ఏదో యొకటి' చాలు అను ఏర్పాటు. దివిసీమ పొలమునకు కాలువ నీరు చేరుట వేరొక విధము. విజయవాడ వద్ద బ్యారేజి సరిగా నుండవలెను, కాలువ గట్టు తెగకుండవలెను, పులిగడ్డ వద్ద నీటిని నదీపాయకు ఆవలికి దాటించు అక్విడక్టు చెడకుండవలెను. ఒక్కటి చెడినను నీరు రాదు. ఇది 'అన్నియు' కావలెను అను ఏర్పాటు. విద్యుత్తు చదివిన విద్యార్థులు మొదటిదానిని సమాంతర సంధానముతోను, రెండవదానిని శ్రేణి సంధానముతోను పోల్చుకొనవచ్చును.

అదనపు దారి బలమును పెంచును. కాని నిర్మాణాధారముల పట్టిక 'అన్నియు' అను రకమునకు చెందినది. అందు చేర్చిన ప్రతి పంక్తియు బలమును తగ్గించును. లెక్క సులభము. ఒక్కొక్క ఆధారము సరిగా దొరకు సంభావ్యత 0.99 అనియు, అవి ఒకదానితో నొకటి సంబంధము లేనివనియు అనుకొందము. 10 ఆధారములున్నచో అన్నియు దొరకు సంభావ్యత 0.99ను పదిసార్లు గుణింపగా సుమారు 0.90 అగును. 20 ఉన్నచో 0.82, 50 ఉన్నచో 0.61, 100 ఉన్నచో 0.37. అదే ఒక పనికి రెండు సమాంతర మార్గములున్నచో, రెండును ఒకేసారి చెడు సంభావ్యత 0.01 × 0.01, అనగా 0.0001 మాత్రమే. కనుక "ఎందుకైనను మంచిది, పట్టికలో ఉండనిండు" అను మాట ఇక్కడ చెల్లదు. జాగ్రత్త అనుకొని చేర్చినది ప్రమాదమునకు త్రోవ యగుచున్నది.

ఇంకను మూడు నష్టములు కలవు. మొదటిది వ్యయము. ప్రతి ఆధారమునకు దాని వినియోగాధారములు వేరుగా నుండును. ఒక్క పంక్తి చేర్చినచో దానివెంట పదుల కొలది ప్యాకేజీలు దిగుమతి కావచ్చును. నాగాయలంక వంటి చోట నెమ్మదిగా నడచు ఇంటర్నెట్టుతో, పాత కంప్యూటరుపై ఒక విద్యార్థి తెలుగు ఫాంటులోని వత్తు నొకదానిని సవరింపదలచినచో, ఈ భారమంతయు అతనిపై పడును.

రెండవది చక్రబంధము. 'అ' నిర్మాణమునకు 'ఆ' కావలెను, 'ఆ' నిర్మాణమునకు 'అ' కావలెను అను స్థితి. క్రొత్త రకపు ప్రాసెసరు వచ్చినపుడు దానికొరకు ప్రోగ్రాములన్నింటిని మొదటినుండి నిర్మింపవలెను. అపుడు ఇట్టి చక్రములు పనిని నిలిపివేయును. డెబియన్ 13వ కూర్పు మొదటిసారిగా రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లను పూర్తిగా గ్రహించినది. మద్రాసు ఐ.ఐ.టి. వారి 'శక్తి', సి-డాక్ వారి 'వేగ' ఈ కుటుంబమునకు చెందిన ప్రాసెసర్లే. ఫాంటు ఫైలు ఏ ప్రాసెసరుకైనను ఒకటే కావచ్చును గాని, దానిని తయారుచేయు సాధనమును, తెరపై చూపు ప్రోగ్రామును ప్రతి ప్రాసెసరుకు వేరుగా నిర్మింపవలసినదే.

మూడవది భద్రత. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు ఒక సంగతిని బయటపెట్టెను. దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకు తోడ్పడు ఎస్‌ఎస్‌హెచ్ అను ప్రోగ్రాము అరసెకను ఆలస్యమగుట గమనించి కారణము వెదకగా, ఎక్స్‌జెడ్ అను కుదింపు ప్రోగ్రాము క్రొత్త కూర్పులలో ఎవరో దొంగదారి పెట్టిరని తేలినది. ఆ దుష్టభాగము నిర్మాణ సమయముననే లోనికి చొరబడునట్లు అమర్చియుండిరి. అసలు ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో సూటిగా సంబంధము లేదు. "నేను సిద్ధముగా నున్నాను" అను చిన్న వార్తను సిస్టమ్‌డికి పంపుటకు డెబియన్ మొదలగువారు ఒక పెద్ద గ్రంథాలయమును, అనగా లైబ్రరీని, జతచేసిరి. ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ వచ్చినది. అదృష్టవశమున డెబియన్ స్థిరమైన కూర్పులోనికి అది చేరకమునుపే పట్టుబడినది. 2024 జులైలో వెలువడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 కూర్పు ఆ వార్తను లైబ్రరీ సహాయము లేకయే పంపుచున్నది. ఇది వినియోగాధారమునకు సంబంధించిన కథయైనను, నీతి నిర్మాణాధారములకు కూడ వర్తించును. నిర్మాణమునకు పిలిచిన ప్రతి సాధనమునకు నిర్మాణశాల తాళము ఇచ్చినట్లే.

అక్కరలేనివి ఎన్ని రకములు?

పై పట్టికను మరల చూడుడు. 'మేక్' అను పంక్తి అక్కరలేదు. సి భాషా కంపైలరు, మేక్ మొదలగు సామాన్య సాధనములు ప్రతి నిర్మాణశాలలోను ముందే ఉండునని డెబియన్ నియమము. ఈ కనీస సామగ్రికి బిల్డ్-ఎసెన్షియల్ అని పేరు. అద్దకపు పట్టికలో 'నేల, పైకప్పు' అని వ్రాయకుండుట వంటిదే ఇది.

'డిహెచ్-ఆటోరీకాన్ఫ్' చిరివేరు వంటిది. ఒకప్పుడు దానిని కోరువారు వేరుగా వ్రాయవలసియుండెను. డెబ్‌హెల్పర్ పదవ స్థాయి నుండి ఆ పని తానే చేయించుచున్నది, ఆ సాధనమును తానే వెంటతెచ్చుచున్నది. మన ఫాంటుకు అసలే దానితో పనిలేదు. వేరొక ప్యాకేజి పట్టికను నమూనాగా తీసికొని వ్రాసినపుడు ఇట్టి పంక్తులు వచ్చి చేరును. పైథాన్ భాషలో 'మాక్' అను పరీక్షా సాధనము సంగతియు ఇంచుమించు ఇట్టిదే. 2012లో వచ్చిన 3.3వ కూర్పు నుండి అది భాషలోనే అంతర్భాగమైనది. అయినను తరువాత చాలకాలము పెక్కు పట్టికలలో దానిపేరు నిలిచియుండెను.

'ఇమేజ్‌మ్యాజిక్' మరొక రకము. అది నమూనా పుటకే కావలెను, ఫాంటుకు అక్కరలేదు. దీనిని కొట్టివేయనక్కరలేదు. "పత్రములు తయారుచేయనపుడు ఇది అక్కరలేదు" అని దానిప్రక్కన గుర్తు పెట్టుటకు డెబియన్‌లో వీలుకలదు. పరీక్షలకు మాత్రమే కావలసినవానికి వేరొక గుర్తు కలదు.

కనిపెట్టు విధానము

ఇంటర్మీడియట్ చేరకమునుపే విద్యార్థులు పొటాసియం క్లోరేటు నుండి ఆక్సిజను తయారుచేయు విధమును చదువుదురు. అందు మాంగనీసు డయాక్సైడు చేర్చుదురు. చర్య ముగిసిన తరువాత అది చేర్చినంతయు మిగిలియుండును. ఆక్సిజనులో దాని జాడ లేదు. అంతమాత్రముచేత అది అనవసరమనుట తగదు. అది యున్నందువలననే తక్కువ వేడికి చర్య జరిగినది. నిర్మాణాధారములలోను ఇట్టివి కలవు. తయారైన ఫైలులో సాధనము జాడ లేనంత మాత్రమున దానిని తీసివేయరాదు. కంటితో చూచి నిర్ణయింపరాదు, ప్రయోగము చేసి నిర్ణయింపవలెను.

ప్రయోగమునకు మొదటి మెట్టు పోలికకు ఆధారమును ఏర్పరచుకొనుట. పట్టికలో ఏ మార్పును చేయక ప్యాకేజిని రెండుసార్లు నిర్మింపవలెను. రెండు ఫలితములును ప్రతి బిట్టులోను సమానముగా నుండవలెను. ఫాంటు ఫైలు శీర్షభాగములో అది తయారైన కాలము వ్రాయబడును గనుక, ఆ కాలమును స్థిరపరుపనిచో రెండు ఫలితములు సమానము కావు. ఇట్టి భేదములను తొలగించుటకు డెబియన్‌లో 2013 నుండి 'పునరుత్పాద్య నిర్మాణములు' అను ఉద్యమము సాగుచున్నది. రెండు ఫైళ్లు సమానమో కావో త్వరగా తెలియుటకు షా-256 అను గణితరీతి వాడుదురు. అది ఎంత పెద్ద ఫైలుకైనను 64 అంకెల ముద్ర నొకదానిని ఇచ్చును. ఆ అంకెలు పదహారు ఆధారముగా గల పద్ధతిలోనివి. ఒక్క బిట్టు మారినను ముద్ర మారిపోవును.

రెండవ మెట్టు సూచనల సేకరణ. నిర్మాణము జరుగునపుడు ఏయే ఫైళ్లు తెరువబడినవో కంప్యూటరుచేతనే వ్రాయించవచ్చును. ఒక సాధనమునకు చెందిన ఏ ఫైలును తెరువబడనిచో దానిపై అనుమానము కలుగును. ఇది అనుమానమే, తీర్పు కాదు.

మూడవ మెట్టు తొలగింపు. అనుమానము గల పంక్తి నొకదానిని తీసివేసి, ఖాళీ నిర్మాణశాలలో మరల నిర్మింపవలెను. నిర్మాణము విఫలమైనచో ఆ పంక్తి అవసరమే. సఫలమైనచో ఫలితపు ముద్రను పాత ముద్రతో పోల్చవలెను.

ఈ పోలికను విడుచుట పెద్ద పొరపాటు. మన పట్టికలోని టిటిఎఫ్-ఆటోహింట్‌ను తీసిచూతము. నిర్మాణపు సూచనలలో "ఆ సాధనము దొరికినచో వాడుము, లేనిచో మానుము" అని యుండవచ్చును. అపుడు నిర్మాణము ఏ ఫిర్యాదు లేక ముగియును. కాని తయారైన ఫాంటు వేరు. చిన్న అక్షరములు కొన్ని తెరలపై మసకబారవచ్చును. ముద్ర మారుటచేతనే ఈ సంగతి బయటపడును. నిర్మాణము ఆగకుండుట ఒకటి, అదే వస్తువు తయారగుట మరియొకటి.

మూడు జాగ్రత్తలు

మొదటి జాగ్రత్త: ఒకసారి ఒకే పంక్తిని తీయవలెను. తీసిన తరువాత మిగిలిన పట్టికతోనే తరువాతి ప్రయోగము చేయవలెను. కాలువ దాటుటకు వంతెనయు, పడవయు ఉన్నవనుకొందము. వంతెన తీసినను దాటవచ్చును. పడవ తీసినను దాటవచ్చును. రెండును విడివిడిగా 'అనవసరము' అని తేలినవి గదాయని రెండింటిని తీసినచో దాటలేము. సాధనములలో కూడ ఒకదానికి బదులు మరొకటి పనిచేయునవి కలవు. 20 పంక్తుల పట్టికకు సాధ్యమైన ఉపపట్టికలు 10,48,576. వానినన్నింటిని పరీక్షించుట అసాధ్యము. ఒక్కొక్కటిగా తీయుచు, అవసరమైనదానిని వెంటనే తిరిగి చేర్చుచు పోయినచో 20 నిర్మాణములతో ఒక సుష్టుపట్టిక చేకూరును.

రెండవ జాగ్రత్త: తీసివేసిన సాధనము నిజముగా నిర్మాణశాలలో లేదని నిర్ధారించుకొనవలెను. వేరొక ఆధారము దానిని వెంటతెచ్చియుండవచ్చును. మన మూలపాఠము దానిని సూటిగా వాడుచున్నచో, పట్టికలో ఆ పంక్తిని ఉంచుటయే న్యాయము. ఈనాడు వెంటతెచ్చినవాడు రేపు తేకపోవచ్చును. మనము సూటిగా వాడనిచో దానిని తీసివేయవచ్చును.

మూడవ జాగ్రత్త అన్నింటికంటె ముఖ్యమైనది. ఫాంట్‌ఫోర్జ్ పెద్ద సాధనము గదా, తయారైన ఫాంటు ఫైలునే ప్యాకేజిలో పెట్టినచో ఆ పంక్తియు తగ్గును గదా యని కొందరికి తోచవచ్చును. పంక్తి తగ్గును, నిజమే. కాని మూలపాఠము నుండి ఫాంటును తయారుచేయు శక్తి కూడ పోవును. రేపు ఒక వత్తు సరిగా అతుకలేదని తెలిసినచో సవరించుట కష్టమగును. వస్త్రమును కొట్టులోనుండి కొని తెచ్చి "మాకు అచ్చులతో పనిలేదు" అనుట అద్దకపు పనిలో పొదుపు కాదు, అద్దకము మానుకొనుట. అక్కరలేనిదానిని తీయుట వేరు, అవసరమైన పనిని వదలుకొనుట వేరు.

కడపటికి మన ఆరు పంక్తుల పట్టికలో డెబ్‌హెల్పర్, ఫాంట్‌ఫోర్జ్, టిటిఎఫ్-ఆటోహింట్ నిలిచినవి. ఇమేజ్‌మ్యాజిక్ గుర్తుతో నిలిచినది. మేక్, డిహెచ్-ఆటోరీకాన్ఫ్ పోయినవి. తగ్గినవి రెండే గదా యని తేలికగా చూడరాదు. వేలకొలది ప్యాకేజీలలో ఇట్టి పంక్తులు రెండేసి పోయినచో ఎన్ని నిర్మాణములు తేలికపడునో లెక్కవేసికొనవచ్చును.

ఉపాధ్యాయులు ఈ పద్ధతిని కంప్యూటరు లేకయే తరగతిలో చూపవచ్చును. ప్రయోగశాల నోటు పుస్తకములో ఒక ప్రయోగమునకు వ్రాసిన పరికరముల పట్టికను తీసికొని, ప్రతి వస్తువు ఎదుట అది యెందుకు కావలెనో ఒక వాక్యము వ్రాయింపుడు. కారణము చెప్పలేని వస్తువు దొరకినచో అది చిరివేరో, మాంగనీసు డయాక్సైడో విద్యార్థులనే తేల్చుమనుడు. సాఫ్టువేరు పట్టికకును ఇదే మేలైన మార్గము. చేర్చిననాడే ప్రక్కన కారణము వ్రాసియున్నచో, ఆ కారణము తీరిననాడు ఏ పంక్తిని కొట్టివేయవలెనో తరువాత వచ్చువారికి తెలియును.